తుప్పు పట్టిన వెడ్జ్

ముప్పై ఏళ్ళు ఒక చిన్న కంపెనీలో పర్చేజ్ సీట్లో కూర్చున్నాను. జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన, ట్రాక్టర్లకు గేర్లూ షాఫ్టులూ చేసిచ్చే షెడ్డు మాది. ఇనుప కడ్డీల నుంచి బాత్రూం చీపుళ్ళ దాకా ఆ గేటు లోపలికి వచ్చిన ప్రతి వస్తువూ నా సంతకం మీదే వచ్చింది. బేరం ఆడడంలో నాకు మంచి పేరుంది. ఎంత మంచి పేరంటే, నా నంబరు చూస్తే సప్లయర్లు ఫోన్ ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు ఇలాంటి సీట్లలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనబడినప్పుడల్లా అడుగుతారు, "మీ సర్వీసులో అన్నిటికంటే గొప్ప పర్చేజ్ ఏది ఆంటీ?" అని. ఏ జర్మనీ మిషన్ పేరో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పేది ఒక గోల్ఫ్ కర్ర గురించి. అదీ సెకండ్‌హ్యాండ్‌ది, తుప్పు పట్టింది.

అప్పుడే నవ్వకండి. నవ్వడానికి ముందు ముందు బోలెడుంది.

మా యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. మనిషి మంచివాడే, చెయ్యే కాస్త బిగువు. ట్రాక్టర్ల భాగాలు చేసే చిన్న కంపెనీల యజమానులంతా ఏడాదికోసారి హైదరాబాద్‌లో కలిసి గోల్ఫ్ ఆడతారు. కంపెనీకి ఇద్దరు ఆటగాళ్ళు. పెద్దవాళ్ళతో పరిచయాలు పెరుగుతాయని మా సేటు కూడా నలభై దాటాక గోల్ఫ్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడంటే, షెడ్డు వెనక నిలబడి రోజూ సాయంత్రం బంతిని పక్క రైతు చెరుకు తోటలోకి కొట్టేవాడు. చెరుకు నరికిన రోజు ఆ రైతు బకెట్ నిండా బంతులు తెచ్చి గేటు దగ్గర పెట్టి, "మీ సేటు పంట గూడ బాగనే పండింది" అని చెప్పి పోయాడు.

నేను రిటైరయ్యే ఏడాది, ఆటకు ఇరవై రోజులుందనగా, సేటుతో జోడీగా ఆడే ఆయన బావమరిది నడుం పట్టేసి మంచం ఎక్కాడు. సేటు దిగులుగా షెడ్డు వెనక కర్ర ఊపుతున్నాడు. ఇనుమును కోసే మా మిల్లింగ్ మిషన్ ఆపరేటర్ టీ గ్లాసుతో అటు పోతూ ఆగాడు. ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ రోజు మాత్రం నోరు విప్పాడు.

"ఏమనుకోకుండ్రి సార్. మీ ఎడమ మోచెయ్యి వంగుతుంది. గందుకే బంతి చెరుకులకు పోతుంది."

"నీకెట్ల ఎరుక?" అన్నాడు సేటు, కోపంగానే.

"చిన్నప్పుడు హైదరాబాద్‌ల కాడీ పని చేసిన సార్, ఆడేటోళ్ళ కర్రల సంచులు మోసుడు. ఆరేండ్లు."

సేటు కర్ర అతని చేతికిచ్చాడు. అతను టీ గ్లాసు గోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, ఒక్కసారి ఊపాడు. బంతి చెరుకు వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పోయి దూరాన ఉన్న కరెంటు స్తంభం మొదట్లో పడింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. సేటు ముఖంలో లాటరీ తగిలిన వాడి వెలుగు వచ్చింది. "ఇగ నువ్వే నా జోడీ" అన్నాడు. మా ఆపరేటర్ టీ తాగడం మరిచిపోయి అలాగే మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

బావమరిది తన కర్రల సంచి అరువిచ్చాడు. అందులో అన్నీ ఉన్నాయి, ఒక్క వెడ్జ్ తప్ప. వెడ్జ్ అంటే ముఖం బాగా వెనక్కి వాలి ఉండే కర్ర. దగ్గర్నుంచి బంతిని పైకి లేపి, అది పడాల్సిన గుంతలో పాతిన జెండా పక్కన దించడానికీ, ఇసుక గుంటలోంచి బయటికి తీయడానికీ అదే దిక్కు. ఉన్నదాన్ని ఆయన పోయినేడు ఓడిన కోపంలో చెట్టుకేసి కొట్టి విరగ్గొట్టాడట. సేటు నన్ను పిలిచాడు.

"మేడం, ఒక వెడ్జ్ తేవాలె. మూడు వేలల్ల. దానికి పైసా ఎక్కువైనా నా రూముకు రావొద్దు."

బోల్టులు ఎలా కొనాలో నాకు తెలుసు. వెడ్జ్‌ను కళ్ళతో కూడా చూడలేదు. అయినా నా అలవాటు నాది: కొనే ముందు వాడేవాణ్ణి అడగాలి. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. అతను జొన్నరొట్టె మడిచి పక్కన పెట్టి, అట్టపెట్టె మీద పెన్సిల్‌తో గీసి చూపించాడు.

"ఒక్కటే కొనేదుంటే ముఖం వాలు యాభై ఆరు డిగ్రీలున్నది కొను అక్కా. అరవైది మస్తుగుంటది గని, చెయ్యి జర తప్పిందంటే ఆగమైతం. రెండోది, కింద అడుగు జర ఉబ్బుగ, పొట్ట లెక్క ఉండాలె. అది లేకుంటె ఇసుకల దిగవడుతది. మూడోది, ముఖం మీద గీతలుంటయ్ సూడు, గా గాట్లల్ల నీ గోరు ఆగాలె. గోరు జారిందంటే బంతి గూడ జారుతది. ఇగ పేరు, మెరుపు, తుప్పు, ఇవేం సూడకు."

ముప్పై ఏళ్ళలో ఇంత శుభ్రంగా స్పెసిఫికేషన్ చెప్పిన ఇంజనీరును నేను చూడలేదు. ఆ అట్టముక్క చింపి ఫైల్లో పెట్టుకున్నాను.

మూడు కొటేషన్లు లేకుండా నేను గుండుసూది కూడా కొనను. మొదట హైదరాబాద్‌లో పెద్ద షాపుకు ఫోన్ చేశాను. ఆ పిల్ల ధర చెప్పగానే, "అమ్మా, నేనడిగింది ఒక్క కర్ర, సంచెడు కాదు" అన్నాను. ఒక్కదానికే అంటూ నవ్వింది. ఫోన్ పెట్టేశాను. రెండోది ఆన్‌లైన్. ధగధగా మెరిసే కొత్త వెడ్జ్, ధర మన బడ్జెట్లోనే. సంబరంగా ఫోన్ తీసుకెళ్ళి చూపిస్తే మా ఆపరేటర్ వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి చూసి, "పొట్ట లేదక్కా. గడ్డపారనే ఇది" అన్నాడు. మూడోది సికింద్రాబాద్‌లో పాత ఆట సామాన్లు అమ్మే దుకాణం. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

దుకాణం ముసలాయన ఒక డ్రమ్ము చూపించాడు. అందులో రకరకాల వెడ్జ్‌లు నిలువుగా గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి తిరగేసి పొట్ట చూడడం, గోరు పెట్టి గీకడం మొదలుపెట్టాను. పావుగంట చూసి ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"మీరు ఆడతరా అమ్మా?"

"నేనెక్కడ ఆడత? ఆడెటోళ్ళకు కొనిపెట్టేదాన్ని."

"నలభై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. అందరు మెరుపు సూసి కొంటరు. గోరు పెట్టి సూసినోళ్ళల్ల మీరు మూడో మనిషి."

అడుగున దొరికింది. యాభై ఆరు అని చెక్కి ఉంది. ముఖమంతా తుప్పు, పిడికి చుట్టిన పట్టు తోలు అరిగింది, కానీ పొట్ట నిండుగా ఉంది, గాట్లలో గోరు టక్కున ఆగింది. నా గుండె దడదడలాడింది. అది ముఖంలో కనబడనివ్వకూడదు కదా. పెదవి విరిచి, "ఇంత తుప్పుందేంది?" అన్నాను. అరగంట బేరం. ఆయన పాత సామానుకు ప్రేమతో ధర చెబుతాడు, నేను తుప్పు చూపించి తగ్గిస్తాను. చివరికి బడ్జెట్‌లో సగానికి తెగింది. మిగిలిన దాంతో కొత్త పట్టు తోలు కూడా వేయించాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన దాన్ని ఒళ్ళో పెట్టుకుని సదాశివపేట దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను. పక్క సీటామె రెండుసార్లు అనుమానంగా చూసి, మూడోసారి వేరే సీట్లోకి మారింది.

ఇక్కడిదాకా నా గొప్ప. ఇప్పుడు నా తప్పు వినండి.

సోమవారం నేరుగా ఆ కర్రను ఆపరేటర్ చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది. కానీ బయటి వస్తువు ఏదైనా స్టోర్సులో రాసి, ఇన్‌స్పెక్షన్ చేయించాకే లోపలికి పోవాలన్నది నేను పెట్టిన నియమమే. సేటు ఇంటికి తెప్పించిన కుక్కర్‌ను కూడా ఒకసారి అలాగే పంపాను. చేతులు ఊరుకుంటాయా? చీటీ రాశాను: "ఉక్కు పనిముట్టు, పాతది, ఒకటి." ఇన్‌స్పెక్షన్ ట్రేలో పెట్టాను. మర్నాడు చెల్లెలి గృహప్రవేశం ఉంటే రెండు రోజులు సెలవు మీద బీదర్ వెళ్ళాను.

మా ఇన్‌స్పెక్షన్ ఆయన గురించి చెప్పాలి. నాకంటే రెండేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. ఆయన దగ్గర ఒక్క గరుకు అంచు కూడా తప్పించుకోలేదు. కోత కోసిన చోట మిగిలే సన్నని పదునును మేము బర్ అంటాం. బర్ కనబడితే ఆయనకు అన్నం సహించదు. పెళ్ళి భోజనాలకు వెళ్ళి స్టీలు గ్లాసు అంచు వేలితో తడిమి వెనక్కి పంపిన మనిషి.

సెలవు నుంచి రాగానే ఆయన నా బల్ల దగ్గరికి స్వయంగా వచ్చాడు, చేతులు వెనక పెట్టుకుని, ముఖం వెలిగిపోతూ.

"ఏం చెల్లే, యాడికెళ్ళి తుప్పుపట్టిందాన్ని మోసుకొస్తివి? ముఖం నిండ టూల్ మార్కులు, అంచులన్ని బర్. నీ మర్యాద పోతదని నేనే దగ్గరుండి చేపిచ్చిన. సూడు ఇగ."

వెనక నుంచి వెడ్జ్ తీశాడు. మెరుగు పెట్టే బఫింగ్ చక్రం మీద రెండు గంటలు పట్టించారట. పెళ్ళికి తోమిన ఇత్తడి బిందెలా ఉంది. నా ముఖం అందులో స్పష్టంగా కనబడింది. ఆ ముఖం ఎలా ఉందో నేను చెప్పను. పైన ఆకుపచ్చ "ఓకే" స్టిక్కర్ కూడా అంటించాడు.

"అన్నా, ఎంత పని చేస్తివి! గవి టూల్ మార్కులు గావు, గాట్లు!" అని అరిచాను.

"డ్రాయింగ్ ఏది మరి?" అన్నాడు ఆయన. "డ్రాయింగ్ లేకుంటె నాకెట్ల తెలుస్తది?"

నిజమే. డ్రాయింగ్ నా ఫైల్లో ఉంది, అట్టముక్క మీద. నేనే జత చేయలేదు.

ఆపరేటర్‌ను పిలిచాను. అతను వచ్చాడు, చూశాడు, గోరు పెట్టాడు. గోరు ఇటు నుంచి అటు నున్నగా జారింది. షెడ్డు వెనకకు వెళ్ళి ఒక బంతి కొట్టాడు. పడింది, పడ్డచోట ఆగకుండా ఎలుకలా పరిగెత్తింది. అతను కర్ర తుడిచి నా చేతికిచ్చాడు. అదే నాకు ఎక్కువ బాధేసింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

"ఇడిసిపెట్టు అక్కా," అన్నాడు చివరికి. "సార్‌కు చెప్త, నేను రానని."

"ఒక్క కర్ర కోసమా?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు. "నేను సంచులు మోసింది గిప్పుడు ఆట పెట్టిన మైదానంలనే. ఒకసారి, ఎవ్వరు లేరని, ఒక పెద్దసారు వెడ్జ్ తీసి ఒక్క బంతి కొట్టిన. పదిహేడేండ్లు నాకు. బంతి జెండ పక్కనే పడ్డది. ఎవరో సూసిన్రు. గదే రోజు పనిల కెళ్ళి తీసేసిన్రు. మోసేటోడు మొయ్యాలె గని కొడతడా అన్నరు. ఇరవై మూడేండ్లాయె. మల్ల గాడికి పోయెడిదుంటె మంచిగ ఆడాలె అక్కా. ఇది పట్టుకపోయి నవ్వులపాలు గావొద్దు."

ఇన్‌స్పెక్షన్ ఆయన నా వెనకే నిలబడి అంతా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన తప్పు ఒప్పుకోవడం నేను వినలేదు. ఆ రోజూ వినలేదు గానీ, దగ్గరదగ్గరగా ఒకటి విన్నాను.

"గాట్లే గదా?" అన్నాడు. "ట్రాక్టర్లకు గేర్లు కోసెటోళ్ళం. గాట్లు కొయ్యలేమా? ఎంత లోతు, ఎంత ఎడం, లెక్క చెప్పుండ్రి."

ఆటకు నాలుగు రోజులుంది. ఆపరేటర్ ఫోన్‌లో ఆట నియమాలు వెతికి గాటు ఎంతకు మించకూడదో తీశాడు. నేను ఈసారి డ్రాయింగ్ మీద సంతకం చేసి మరీ జత చేశాను. మిషన్ మీద అర్జెంట్ ఆర్డర్ నడుస్తోంది కాబట్టి మాకు దొరికింది మధ్యాహ్నం అన్నం గంట మాత్రమే. మొదటి రోజు గంటంతా ఆ వంకర తలను కదలకుండా పట్టించడానికే పోయింది. రెండో రోజు ముగ్గురం రొట్టెలు జేబుల్లో పెట్టుకుని మిషన్ చుట్టూ నిలబడ్డాం. అతను చక్రం వెంట్రుకవాసి తిప్పుతాడు, ఒక గాటు పడుతుంది, అన్న భూతద్దం పెట్టి చూసి కొలత పలుకుతాడు, నేను రాసుకుంటాను. ఎనిమిదో గాటు దగ్గర అన్న, "ఆపు! ఇంక జరంత పోతే నియమం దాటుతది" అని కేకేశాడు. అతను ఆపాడు. కోసిన అంచుల మీద బర్ తళతళలాడుతోంది. అన్న చెయ్యి దానంతటదే ఆకురాయి వైపు పోవడం నేను చూశాను.

"అన్నా!" అన్నాను.

"లే లే, ఊకెనే," అని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పాపం, ఎంత కష్టపడ్డాడో.

గోరు ఆగింది. అప్పటికప్పుడు షెడ్డు వెనక కొట్టి చూస్తే, బంతి పడి, ఒక్క గెంతు గెంతి, అక్కడే కూర్చుంది. నేనూ అన్నా చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాం. మా ఇద్దరి వయసూ కలిపితే నూట పదహారు. సేటు బాల్కనీలోంచి చూసి, "ఏమైంది మేడం?" అన్నాడు. "ఏం లేదు సార్, మాల్ పాసయింది!" అన్నాను.

ఆట రోజున సేటు నన్నూ అన్ననూ కూడా కారులో ఎక్కించుకున్నాడు. కర్రకు ఏమైనా అయితే బాగు చేసేవాళ్ళు ఉండాలని ఆయన భయం. మైదానం చూసి నోరు తెరిచాను. అంత పచ్చదనం నేను అల్లం తోటల్లో కూడా చూడలేదు. మా ఆపరేటర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో గేటు దగ్గర ఒక నిమిషం ఆగిపోయాడు. "నడువు తమ్మీ" అని వీపు మీద చెయ్యి వేశాను. చొక్కా అప్పటికే చెమటతో తడిసి ఉంది.

మొదటి రెండు గుంతలకూ అతని ఆట కుదరలేదు. బంతి ఒకసారి పొదల్లోకి, ఒకసారి సేటు కాళ్ళ దగ్గరికి పోయింది. వేరే కంపెనీల వాళ్ళు మర్యాదగా ఆకాశం చూశారు. మూడో గుంతకు అడ్డంగా చిన్న చెరువుంది. అతను వెడ్జ్ తీశాడు. బంతి లేచి, నీళ్ళు దాటి, జెండా అవతల పడి, గాట్ల పుణ్యాన వెనక్కి రెండు జానలు పాకింది. అంతవరకు ఆకాశం చూసిన వాళ్ళంతా ఇప్పుడు నేల చూశారు. ఒక సూటాయన వచ్చి, "ఏ కంపెనీదండీ ఈ వెడ్జ్?" అని అడిగాడు. మా అన్న ఛాతీ విరిచి, "ఫినిషింగ్ నాదే" అన్నాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను.

అక్కణ్ణుంచి ఇక చూడాలి మా వాణ్ణి! సేటు చెట్లలోకి కొట్టినవన్నీ అతను ఒక్క దెబ్బతో తెచ్చి జెండా పక్కన పెట్టాడు. గెలుస్తామన్న ఆశ ఎవరికీ లేదు, సేటు అన్నిసార్లు చెట్లలోకి కొట్టాడు. కానీ చివరి గుంతకు వచ్చేసరికి అందరూ మా వాడి ఆట చూడడానికే చుట్టూ చేరారు.

ఆ చివరి దాంట్లో సేటు కొట్టిన బంతి ఇసుక గుంటలో పడింది. జోడీగా ఒకే బంతిని మార్చి మార్చి కొట్టే ఆట కాబట్టి, తీయాల్సింది మా వాడు. నడుములోతు గుంటలో దిగాడు. ఇసుకంతా ఒక్కసారి పైకి లేచింది, అందులోంచి బంతి మెల్లగా బయటపడి జెండాకు మూరెడు దూరంలో ఆగింది. ఇసుకలో గాట్ల పనేమీ ఉండదట, కింది పొట్ట జారడమే ముఖ్యమట. తను బఫింగ్ పట్టించబట్టే అలా జారిందని మా అన్న ఇప్పటికీ వాదిస్తాడు.

చప్పట్లు మోగుతున్నాయి. సేటు డబ్బు మిగులుతుందని ఇద్దరికీ కలిపి ఒక్క మోసేవాణ్ణే పెట్టాడు. అతను జెండా దగ్గరున్నాడు. తొక్కిన ఇసుకను మోసేవాళ్ళు చదును చేయడానికి గట్టు మీద పళ్ళ దంతె ఒకటి పెట్టి ఉంటుంది. మా వాడు చప్పట్లు వినబడనట్టే వంగి, దంతె అందుకుని, తల దించుకుని ఇసుక లాగడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళు చేసిన పని, చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. చూస్తున్న వాళ్ళలో ఒకరు పక్కవాడితో, "ఇతను ఇక్కడ కాడీ కదూ?" అనడం నా చెవిన పడింది. అతని చెవినా పడింది. దంతె ఆగిపోయింది.

మా సేటు గుంటలోకి దిగాడు. కొత్త తెల్ల బూట్లు, అవి కొనడానికి ఎన్ని షాపులు తిరిగాడో నాకు తెలుసు. చీలమండల దాకా ఇసుకలో దిగబడుతూ వెళ్ళి దంతె పట్టుకున్నాడు.

"ఇటియ్యి."

"వద్దు సార్, నేను చేస్త. మీకు రాదు."

"రాకుంటె నేర్చుకుంట. నువ్వు ఆడెటోనివి. పైకి పో."

మా వాడు దంతె వదలడానికి కాసేపు పట్టింది. వదిలాడు. గట్టెక్కి పచ్చిక మీద నిలబడ్డాడు. సేటు వంకరటింకరగా ఇసుక లాగుతూనే ఉన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. నా పక్కన అన్న ముక్కు చీదుకున్నాడు. నాకేమీ కనబడడం లేదు, కళ్ళు రెండూ నీళ్ళే.

సేటు పైకొచ్చాడు. నియమం ప్రకారం ఆ మూరెడు దూరం బంతిని గుంతలో వేయాల్సింది ఆయనే. జీవితంలో మొదటిసారి మా సేటు సూటిగా కొట్టాడు. బంతి పడగానే పరిగెత్తి వెళ్ళి, అంతమంది ముందు, మా మిల్లింగ్ ఆపరేటర్‌ను నడుం పట్టి పైకెత్తేశాడు. "సార్, దించుండ్రి సార్, బరువుంట" అని మా వాడు గాలిలో నవ్వుతున్నాడు. అతను పళ్ళు బయటపెట్టి నవ్వడం నేను చూడడం అదే మొదలు. గోల్ఫ్ మైదానంలో గోల చేయకూడదట. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, చిన్నప్పుడు జాతరలో వేసినంత గట్టిగా ఈల వేశాను.